రెండు చిల్లుల మధ్య: టైపింగ్‌కి సరిపడే వాచీ స్ట్రాప్ దొరికే దాకా

వాచీ స్ట్రాప్ వల్ల చేతికి తిమ్మిరి వచ్చిన ఒక పేషెంటు కేసు ఇది. రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, కంపెనీ, సొంత ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. బాధ, పరీక్షలు, నిర్ణయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేను బెంగళూరులో ఫిజియోథెరపిస్టుని. మారతహళ్ళి దగ్గర చిన్న క్లినిక్ ఉంది. చెయ్యి, మెడ, నడుము నొప్పులతో వచ్చేవాళ్ళలో చాలామంది అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళే. వాచీ స్ట్రాప్ అంటే చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ఈ కేసు తేలడానికి మూడు నెలలకు పైగా పట్టింది. అందులో మొదటి నెల పోయింది నా పొరపాటు వల్లే, అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆమెకి ముప్పై దాటాయి. సాఫ్ట్‌వేర్‌కి యూజర్ గైడ్లు రాసే ఉద్యోగం. ప్రోగ్రాం రాసేవాళ్ళు మధ్యమధ్యలో ఆగి ఆలోచిస్తారు, స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. ఈమెది అలాంటి పని కాదు, రోజుకి ఏడెనిమిది గంటలు వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, డైనింగ్ టేబుల్ మీద పని. మిగతా రెండు రోజులు 500డి బస్సెక్కి ఆఫీసుకి వెళ్తుంది. కుడిచేతి వాటం మనిషి, స్మార్ట్ వాచీ ఎడమ చేతికి. మణికట్టు సన్నం, డయల్ పెద్దది. వాచీతో పాటు వచ్చిన సిలికాన్ స్ట్రాప్, దానికి మెటల్ బకిల్.

షుగర్ లేదు, థైరాయిడ్ రిపోర్టు మామూలుగా ఉంది, గర్భం లేదు. చేతి తిమ్మిరితో వచ్చిన ఎవరినైనా నేను ముందు ఈ మూడూ అడుగుతాను. నరం ఒత్తుకుపోవడానికి బయటి కారణం వెతికే ముందు లోపలి కారణం ఉందేమో చూడాలి కదా.

ఏం బాధతో వచ్చింది

మార్చి మొదటి వారంలో వచ్చింది. సాయంత్రం నాలుగు దాటేసరికి ఎడమ బొటనవేలి వెనక, చేతి వెనక వైపు చీమలు పాకినట్టు ఉంటోందని, ఒక్కోసారి మంట పుడుతోందని చెప్పింది. స్ట్రాప్ కింద చర్మం ఎర్రబడి దురద. మూడోది ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు, మాటల్లో వచ్చింది: "టైప్ చేస్తుంటే బకిల్ లాప్‌టాప్‌కి కొట్టుకుంటుంది మేడమ్, చెయ్యి కాస్త పైకి లేపి పెట్టుకుంటాను." నేను దాన్ని కాగితం మీద రాసుకున్నాను గానీ పట్టించుకోలేదు.

అంతకు ముందు ఇంకొక చోట చూపించుకుంది. కార్పల్ టనెల్, అంటే మణికట్టు లోపలి ఇరుకు దారిలో నరం ఒత్తుకుపోవడం, అయి ఉంటుందని బి12 మాత్రలు, మణికట్టు కదలకుండా వేసుకునే స్ప్లింట్ ఇచ్చారు. స్ప్లింట్ వేసుకున్నాక బాధ పెరిగింది. నిజానికి నాకు దొరికిన మొదటి ఆధారం ఇదే. కార్పల్ టనెల్ అయితే రాత్రిపూట స్ప్లింట్ వేసుకుంటే మామూలుగా కొంతైనా ఊరట ఉండాలి. పైగా కార్పల్ టనెల్‌లో తిమ్మిరి అరచేతి వైపు వస్తుంది, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం. చాలామంది రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలిస్తారు. ఈమెకి అవేవీ లేవు. తిమ్మిరి అంతా చేతి వెనక వైపే.

పరీక్షలో ఫాలెన్ టెస్టు, అంటే మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచడం, చేస్తే మధ్యవేలు, చూపుడువేలు మామూలుగానే ఉన్నాయి. బొటనవేలిని పిడికిట్లో పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచే ఫింకెల్‌స్టీన్ టెస్టులో బొటనవేలి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) దగ్గర నొప్పి రాలేదు. కానీ తిమ్మిరి వచ్చింది. మెడ నుంచి వచ్చే నరం వల్ల కూడా బొటనవేలు తిమ్మిరెక్కవచ్చు కాబట్టి మెడ తిప్పించి చూశాను, ఏమీ లేదు. పట్టులో బలం రెండు చేతులకీ సమానం. చివరికి, సరిగ్గా స్ట్రాప్ ఉండే చోట, బొటనవేలి వైపు ఎముక అంచు పైన వేలితో మెల్లగా తట్టాను. "అదే, అదే" అంది వెంటనే. ఆమె చెప్పే చీమలు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి.

ఆ చోట, చేతిలో బొటనవేలి వైపు నడిచే రేడియల్ నరం తాలూకు కొమ్మ ఒకటి చర్మానికి దగ్గరగా వెళ్తుంది. మోచేతి కింద కండరాల మాటున వచ్చే ఈ కొమ్మ మణికట్టుకి 8, 9 సెంటీమీటర్ల ఎగువన బయటపడి, అక్కడి నుంచి దాదాపు చర్మం కిందే నడుస్తుంది. దానికీ స్ట్రాప్‌కీ మధ్య చర్మం, పల్చటి కొవ్వు తప్ప ఏమీ ఉండవు. ఇది స్పర్శ నరం మాత్రమే, అందుకే బలం తగ్గదు. వార్టెన్‌బర్గ్ అనే న్యూరాలజిస్టు 1932లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే వార్టెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటారు. బిగుతు గాజులు, వాచీ పట్టీలు, పోలీసు బేడీలు దీనికి పేరుపడ్డ కారణాలు. స్ప్లింట్‌తో బాధ ఎందుకు పెరిగిందో కూడా ఇక్కడే తేలింది. స్ప్లింట్ వెల్క్రో పట్టీ సరిగ్గా ఆ నరం మీదే బిగుస్తోంది.

నా మొదటి నిర్ణయం

జబ్బు పేరు దొరికింది, కారణం కళ్ళ ముందే ఉంది. ఒక వారం వాచీ తీసేయమన్నాను. వైద్యపరంగా ఇందులో తప్పు లేదు. తీసేస్తే తగ్గిందంటే నిర్ధారణ బలపడుతుంది, నరానికి విశ్రాంతి కూడా దొరుకుతుంది. ఆమె తల ఊపింది, కానీ ముఖంలో ఏదో ఇబ్బంది కనబడింది. నేను అడగలేదు.

అయిదో రోజున వాచీ పెట్టుకునే వచ్చింది. తిమ్మిరి బాగా తగ్గిందని చెప్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళమ్మ ఊళ్ళో ఒక్కరే ఉంటారు. ఈమె మీటింగుల్లో ఉన్నప్పుడు ఫోన్ సైలెంట్‌లో బ్యాగులో ఉంటుంది. అమ్మ నంబరు నుంచి కాల్ వస్తే మాత్రమే వాచీ అదిరేలా పెట్టుకుంది. ఆ వాచీ చేతికి లేని రోజున ఆవిడ పెరట్లో కాలు జారి పడ్డారు. మూడుసార్లు ఫోన్ చేశారు. పక్కింటివాళ్ళు చూసుకున్నారు, చీలమండ వాచింది, అంతకు మించి ఏమీ కాలేదు. "అది తీసేస్తే నాకు టెన్షన్ ఎక్కువవుతుంది మేడమ్, దానికంటే చెయ్యి నొప్పే నయం" అంది.

అడుగులు లెక్కపెట్టుకోడానికో, ఫ్యాషన్‌కో పెట్టుకుందని నా అంతట నేనే అనుకున్నాను. వాచీ ఎందుకు పెట్టుకుంటున్నారు అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ వారమంతా ఇంకోలా నడిచేది. మోత పెట్టిన ఫోన్‌ని ఆ వారం టేబుల్ మీద పెట్టించేదాన్ని. ఆ రోజు నుంచి "తీసేయండి" అన్న సలహా ఈ కేసులో లేదు. వాచీ చేతికి ఉండాల్సిందే, టైపింగ్ ఆగకూడదు, నరం మీద ఒత్తిడి పడకూడదు. ఈ మూడిటి మధ్య దారి వెతకాలి.

ఫలించని ప్రయత్నాలు

చెయ్యి మార్చడం. కుడి చేతికి పెట్టుకుని చూసింది. మౌస్ పట్టుకున్నప్పుడు మణికట్టు వెనక్కి వంగి, పెద్ద డయల్ అంచు చేతి వెనక గుచ్చుకునేది. రెండు రోజుల్లో అక్కడ కూడా ఎర్రటి గీత పడింది. డయల్‌ని అరచేతి వైపు తిప్పి పెట్టుకోవచ్చేమో అని తనే అడిగింది, వాళ్ళ నాన్నగారు అలా పెట్టుకునేవారట. రాసేటప్పుడు సరే, లాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే డయలే దాని మీద కూర్చుంటుంది. వద్దన్నాను.

సన్నటి మెటల్ జాలీ స్ట్రాప్. నేనే సూచించాను. చిల్లులు ఉండవు, అయస్కాంతంతో ఎక్కడ కావాలంటే అక్కడ అతుక్కుంటుంది, గాలి ఆడుతుంది. బిగింపు సరిచేసుకోవడం తేలిక అన్నది నా ఆలోచన. అక్కడి వరకూ సరైనదే. కానీ రెండు రోజుల తరవాత ఆమె లాప్‌టాప్ టైపింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. ఆఫీసు సపోర్టు వాళ్ళు డ్రైవర్లు మార్చారు, లాభం లేదు. చివరికి ఆమే పసిగట్టింది, ఎడమ చెయ్యి ఒక మూలకి వచ్చినప్పుడే స్క్రీన్ ఆరిపోతోంది. చాలా లాప్‌టాప్‌లలో మూత మూసినట్టు తెలియడానికి మూతలో చిన్న అయస్కాంతం, కింద కీబోర్డు భాగంలో దాన్ని గుర్తించే హాల్ సెన్సర్ ఉంటాయి. స్ట్రాప్‌లోని అయస్కాంతం ఆ సెన్సర్ దగ్గరికి వస్తే మూత మూశారనుకుని లాప్‌టాప్ నిద్రపోతుంది. ఇది నాకు ముందు తెలియదు. ఇప్పుడు అయస్కాంతం స్ట్రాప్ వాడేవాళ్ళు క్లినిక్‌కి వస్తే ఇది తప్పకుండా చెప్తున్నాను. పైగా ఆ జాలీ లాప్‌టాప్ మీద గీతలు పెట్టింది, టైప్ చేస్తుంటే మెల్లగా జారి వదులయ్యేది.

బకిల్ లేని సాగే సిలికాన్ స్ట్రాప్. చేతికి ఎక్కిస్తే చాలు, బకిల్, అతుకు ఏమీ ఉండవు. లాప్‌టాప్ మీద చెయ్యి చదునుగా ఆనింది. మొదటి రోజు ఆమె చాలా సంతోషించింది. నాలుగో రోజుకి తిమ్మిరి మునుపటికంటే ఎక్కువైంది. సాగే వస్తువు ఎప్పుడూ లోపలికి లాగుతూనే ఉంటుంది, ఒక్క క్షణం కూడా వదలదు. మామూలు స్ట్రాప్ చెయ్యి ఒక కోణంలో ఉన్నప్పుడైనా కాస్త వదులిస్తుంది, ఇది అదీ ఇవ్వదు. మామూలు మనిషికి చాలా సుఖంగా ఉండే స్ట్రాపే, ఒత్తుకున్న నరానికి మాత్రం పనికిరాలేదు.

దారి దొరికింది ఉగాదికి

ఉగాదికి ఆమె నాలుగు రోజులు ఊరు వెళ్ళింది. లాప్‌టాప్ ఇక్కడే వదిలి, పాత సిలికాన్ స్ట్రాపే పెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక "అక్కడ ఏమీ అనిపించలేదు మేడమ్" అని మామూలుగా అనేసింది. నేను మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాను. వాచీ తీసి టైప్ చేస్తే తగ్గింది. వాచీ పెట్టుకుని టైప్ చేయకపోయినా తగ్గింది. అంటే స్ట్రాప్ ఒక్కటే నేరస్తురాలు కాదు. లాప్‌టాప్ మీద పెట్టాక ఆ స్ట్రాప్ ఏదో చేస్తోంది.

అప్పటివరకూ నేను ఆమె చేతిని చూసింది నా పరీక్ష బల్ల మీద, ఖాళీగా, మెత్తటి దిండు మీద. ఈసారి లాప్‌టాప్ తెమ్మన్నాను, ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర టైప్ చేస్తుండగా పక్కనుంచి వీడియో తీయించి పంపమన్నాను. తరవాత ఒక చిన్న పరీక్ష చేశాం. కాగితాన్ని సన్నటి పట్టీగా కత్తిరించి, బొటనవేలి వైపు స్ట్రాప్ కింద దూర్చాను. చెయ్యి గాల్లో ఉంటే కాగితం సులువుగా అటూ ఇటూ జరిగింది. చెయ్యి లాప్‌టాప్ మీద ఆనించగానే ఇరుక్కుపోయింది.

జరుగుతున్నది ఇది. అడుగున ఉన్న బకిల్‌ని లాప్‌టాప్ పైకి నెడుతుంది. స్ట్రాప్‌లో ఉన్న కాస్త వదులూ అడుగునే పోతుంది, మిగిలిన చుట్టంతా బిగుస్తుంది. ఆమె బకిల్ కొట్టుకోకుండా మణికట్టు పైకెత్తి వంచుతుంది, దాంతో డయల్ ఒక పక్కకి ఒరిగి స్ట్రాప్ అంచు బొటనవేలి వైపు దిగుతుంది. లాప్‌టాప్ కీబోర్డు ఇరుకు కాబట్టి రెండు చేతులూ చిటికెనవేలి వైపుకి వంగి ఉంటాయి, అలా వంగితే ఈ నరం ఇంకా సాగుతుంది. సాగిన నరం మీద అంచు పడుతోంది, అదీ రోజుకి ఏడు గంటలు. మొదటి రోజు ఆమె మాటల్లో వచ్చిన బకిల్ సంగతి ఇక్కడికి తీసుకొచ్చింది.

ఇంకో కొలత కూడా తీశాను. ఇంచీ టేపుతో ఉదయం మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు, సాయంత్రం 15.4. ఏప్రిల్ ఎండలో, రోజంతా కూర్చుని పనిచేస్తే చెయ్యి ఆ మాత్రం ఉబ్బడం మామూలే. ఆమె సిలికాన్ స్ట్రాప్‌లో ఒక చిల్లుకీ ఇంకో చిల్లుకీ మధ్య 6 మిల్లీమీటర్లు. ఉదయం సరిపోయిన చిల్లు సాయంత్రానికి బిగుతు. దాని పక్క చిల్లు వేస్తే డయల్ జారి మణికట్టు మడత మీదికి వస్తుంది. ఆమె చేతికి కావలసిన కొలత ఎప్పుడూ రెండు చిల్లుల మధ్యనే ఉంటోంది. బాధ సాయంత్రమే ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమైంది.

పనిచేసింది

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఎలాంటి స్ట్రాప్ కావాలో దానంతట అదే తేలింది. అడుగున గట్టిది ఏదీ ఉండకూడదు. కొంచెం కొంచెంగా వదులు చేసుకునే వీలుండాలి. తనంతట తాను లాగకూడదు. అయస్కాంతం వద్దు. అంచు మెత్తగా ఉండాలి. అల్లిన నైలాన్ స్ట్రాప్, వెల్క్రోతో అతుక్కునేది, వీటన్నిటికీ సరిపోయింది. కొనేటప్పుడు ఒకటి చూసుకోమన్నాను. కొన్నిటికి వెల్క్రో మడత, ప్లాస్టిక్ రింగు సరిగ్గా మణికట్టు అడుగున వస్తాయి, మళ్ళీ బకిల్ కథే. మడత పక్కకి, డయల్‌కి దగ్గరగా వచ్చే రకం తీసుకోవాలి. ఆమె రెండు కొంది, ఒక్కోటి మూడు నాలుగు వందల రూపాయల లోపే. వాచీ లగ్ వెడల్పు, అంటే డయల్‌కి స్ట్రాప్ తగిలించే చోటి వెడల్పు, 20 మిల్లీమీటర్లా 22 మిల్లీమీటర్లా అన్నది చూసుకోకుండా మొదట ఒకటి తప్పు తెచ్చి మార్చుకుంది.

పెట్టుకునే చోటు మార్చాం. చిటికెనవేలి వైపు మణికట్టు ఎముక ఉబ్బుగా ఉంటుంది కదా, దానికి రెండు వేళ్ళ వెడల్పు పైకి. అప్పుడు స్ట్రాప్ లాప్‌టాప్ అంచుకి అవతల పడుతుంది. ముంజేయి పైకి పోయేకొద్దీ లావవుతుంది కాబట్టి నున్నటి సిలికాన్ అయితే కిందికి జారుతుంది, జారకూడదంటే బిగించాలి. నైలాన్ నేత చర్మాన్ని కాస్త పట్టుకుంటుంది, తక్కువ బిగింపుతోనే నిలబడుతుంది. ఈ లాభం నేను ముందు ఊహించలేదు.

బిగింపు విషయంలో ఆమెకున్న భయం వేరు. వదులుగా పెడితే వాచీ పనిచేయదేమో అని. వాచీ వెనక ఉండే పచ్చ లైటు చర్మం కింద రక్తప్రవాహాన్ని చూసి గుండె వేగం లెక్కిస్తుంది, దానికి వాచీ చర్మానికి ఆని ఉండాలి, నిజమే. కానీ ఆమెకి ఆఫీసు టైములో కావలసింది అమ్మ కాల్ వచ్చినప్పుడు అదురు తెలియడం. దానికి బిగింపు అక్కర్లేదు. టేబుల్ దగ్గర స్ట్రాప్ కింద చూపుడువేలు సులువుగా దూరాలి, సాయంత్రం నడకకి వెళ్ళేటప్పుడు కాస్త బిగించుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం తరవాత ఒకసారి వెల్క్రో తీసి మళ్ళీ వేసుకోమన్నాను, ఆ 4 మిల్లీమీటర్ల కోసం. అదురు తెలుస్తోందా లేదా అన్నది నా క్లినిక్‌లోనే, వాళ్ళమ్మకి ఫోన్ చేసి తిరిగి చేయమని అడిగి, చూసుకున్నాం. ఆ పరీక్ష కాగితం పట్టీ పరీక్ష కంటే తక్కువదేమీ కాదు. అది తేలాకే ఆమె స్ట్రాప్ వదులు చేయడానికి ఒప్పుకుంది.

ఇంట్లో లాప్‌టాప్‌ని నాలుగు లావుపాటి పుస్తకాల మీదికి ఎక్కించి, పల్చటి విడి కీబోర్డు పెట్టించాను. చేతులు ఆనించే గట్టు లేకపోతే బకిల్ ప్రశ్నే రాదు, మణికట్టు కూడా వంగకుండా తిన్నగా ఉంటుంది. ఆఫీసుకి కూడా కీబోర్డు తీసుకెళ్ళమన్నాను. బస్సులో ఆ బరువు మోయలేనంది. బలవంతపెట్టలేదు. వారంలో మూడు రోజులు సరిగా ఉంటే నరానికి చాలినంత విరామం దొరుకుతుందని లెక్క వేసుకున్నాను.

చర్మం సంగతి చిన్నదే కానీ చెప్పాలి. ఎర్రదనం స్ట్రాప్ కింద చెమట నిలిచే చోట మాత్రమే ఉంది, మెటల్ తగిలే చోట లేదు. అది తడి, సబ్బు నిలవ వల్ల వచ్చిన ఒరిపిడి అనిపించింది, అయినా అలర్జీ కాదని నేను తేల్చకూడదు కాబట్టి చర్మం డాక్టరు దగ్గరికి పంపాను. ఆయనా అదే అన్నారు. స్ట్రాప్‌ల అలర్జీని తేలిగ్గా తీసుకోవద్దు. 2014లో ఫిట్‌బిట్ సంస్థ దద్దుర్ల ఫిర్యాదుల వల్ల ఫోర్స్ అనే తన బ్యాండ్‌ని మార్కెట్ నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చింది. నైలాన్‌కి ఉన్న లోపం కూడా ఇక్కడే, తడిస్తే త్వరగా ఆరదు. అందుకే రెండు స్ట్రాప్‌లు. ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకొకటి చేతికి. స్నానానికి, గిన్నెలు తోమేటప్పుడు తీసేయడం. అంతసేపు ఫోన్ మోత పెట్టి పక్కనే ఉంచుకుంటుంది.

నేను మార్చుకున్నవి

చేతి తిమ్మిరితో వాచీ పెట్టుకుని వచ్చేవాళ్ళని ఇప్పుడు ముందు అడిగేది, అది చేతికి ఎందుకు ఉందని. షుగర్ పేషెంట్లు, గుండె లయ చూసుకునేవాళ్ళు, పసిపిల్లల తల్లులు, ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంటుంది, ఆ కారణాన్ని బట్టే ఎంత వదులు చేయవచ్చో తెలుస్తుంది. రెండోది, లాప్‌టాప్ తెమ్మంటున్నాను. తేలేకపోతే వీడియో. కాగితం పట్టీలు ఇప్పుడు నా డ్రాయర్‌లో ఎప్పుడూ ఉంటాయి. కొలత ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయకుండా స్ట్రాప్ సైజు చెప్పడం మానేశాను. నైలాన్ స్ట్రాప్ అందరికీ మంచిదని మాత్రం అనడం లేదు. బాగా చెమట పట్టే ఒకాయనకి ఆ తరవాతి నెలలో అదే ఇచ్చి చర్మం పాడుచేశాను, చివరికి బకిల్ పక్కకి వచ్చే సిలికాన్ ఆయనకి సరిపోయింది.

ఏప్రిల్ రెండో వారంలో ఈ మార్పులన్నీ మొదలయ్యాయి. మూడు వారాలకి సాయంత్రపు మంట పోయింది. ఆరు వారాలకి తట్టితే తిమ్మిరి సగానికి తగ్గింది. జూన్ చివర్లో వచ్చినప్పుడు బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత చోట స్పర్శ ఇంకా మొద్దుగానే ఉంది, దూదితో రాస్తే పక్క చర్మానికీ దానికీ తేడా తెలుస్తోంది. నరాలు నెమ్మదిగా కోలుకుంటాయి కాబట్టి ఇంకో మూడు నెలలు చూసి, అప్పటికీ అలాగే ఉంటే నరాల పరీక్ష చేయిద్దామని చెప్పాను. ఆ చోటు చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీసి పెట్టుకున్నాం. దసరాకి వాళ్ళమ్మని ఇక్కడికి తీసుకొస్తోంది. ఆ వారంలోనే మళ్ళీ చూస్తాను.